అడాప్టరు మార్చేటప్పుడు

ఉద్దేశం: నిత్యజీవితంలో వాడుకొనే ఎలక్ట్రానిక్ పరికరాలకు విద్యుత్తును అందించే అడాప్టరు చెడిపోయినప్పుడు, దానికి బదులుగా మరొక అడాప్టరును ఎంచుకొనే విధానాన్ని విద్యార్థులకు తెలియజేయటం, శాస్త్రవిషయాలను తెలుగులో చదివి ఆకళించుకొనే అలవాటును పెంపొందించటం ఈ పాఠం ఉద్దేశం.

వట్లూరు ఏలూరు నగరాన్ని ఆనుకొని, విజయవాడ వైపున పెదపాడు మండలంలో ఉన్న గ్రామం. 1989లో నెలకొన్న సర్ సి.ఆర్. రెడ్డి ఇంజనీరింగ్ కళాశాల వలన ఆ ఊరి పేరు విద్యార్థిలోకానికి సుపరిచితం. ఆ గ్రామంలో ఒక ఇంటిని ఊహించుకొందాం. ఎండలు ముదిరిన రోజులలో ఒక సాయంత్రం ఈదురుగాలి వీచి, ఉరుములతో వాన కురిసింది. కరెంటు రెండు మూడుసార్లు పోయి వచ్చింది. తెల్లవారి చూస్తే ఇంటర్నెట్ రౌటరు మీద ఒక్క దీపమూ వెలగటం లేదు. ఆ ఇంటి అమ్మాయి ఇంటర్మీడియట్ పూర్తిచేసి, ఇంజనీరింగ్ ప్రవేశాల కౌన్సెలింగులో వెబ్ ఆప్షన్లు నమోదు చేసుకోవలసి ఉన్నది. గడువు మరునాటితో ముగుస్తుంది. ఇంటిలోపల ఫోనుకు సిగ్నల్ సరిగా అందదు.

బల్లసొరుగులో మూడు పాత అడాప్టర్లు దొరికాయి. ఒకటి మూలనపడిన సెట్‌టాప్ బాక్సుది, ఒకటి తమ్ముడు సంగీతం నేర్చుకొన్న కీబోర్డుది, మరొకటి ఎప్పుడో వాడి వదిలేసిన మోడెముది. మూడింటికీ ఒకే రంగు, దాదాపు ఒకే ఆకారం. మూడింటి పిన్నులూ రౌటరు రంధ్రంలో చక్కగా ఇమిడిపోతున్నాయి. “పిన్ను పట్టింది కదమ్మా, పెట్టి చూడు” అన్నాడు తండ్రి. ఆయన మాటలో తప్పు పట్టవలసినది ఏమీ లేదు. లోకంలో నూటికి తొంబైమంది చేసేది అదే. కాని ఆ మూడింటిలో ఒక్కటే ఆ రౌటరుకు తగినది. మిగిలిన రెండింటిలో ఏది తగిలించినా రౌటరు దెబ్బతినే ప్రమాదం ఉన్నది. అప్పుడు ఆ పూట పోగొట్టుకొనేది వందరూపాయల అడాప్టరును కాదు, వెయ్యిరూపాయలకు పైబడిన రౌటరును, అంతకన్న విలువైన గడువును.

ఇక్కడ ఒక మాట చెప్పుకోవాలి. మన దుకాణాలలో ఎవరైనా “రౌటరు చార్జరు ఇవ్వండి” అనే అడుగుతారు. రౌటరులో బ్యాటరీ లేదు, చార్జ్ చేయవలసినది ఏదీ లేదు. గోడలోని విద్యుత్తును పరికరానికి సరిపడే విధంగా మార్చి అందించే ఈ చిన్న పెట్టెకు సరైన పేరు అడాప్టరు. పేరుకేముంది, పని జరిగితే చాలు అనవచ్చు. అయితే ‘చార్జరు’ అనగానే ఏ చార్జరైనా ఏ ఫోనుకైనా పనికివచ్చిన అనుభవం మనసులో మెదులుతుంది. ఆ అనుభవాన్నే రౌటరుకూ వర్తింపజేస్తాం. మాటలోని అజాగ్రత్త చేతలోకి దిగుతుంది.

మన ఇళ్ళకు వచ్చే విద్యుత్తు 230 వోల్టుల ఏకాంతర విద్యుత్తు. అది సెకనుకు 50 పర్యాయాలు ముందుకూ వెనుకకూ ఊగుతుంది. రౌటరు, కెమెరా, లాప్‌టాప్ వంటి పరికరాల లోపలి వలయాలకు కావలసినది అల్పమైన వోల్టేజి, అదీ ఒకే దిశలో ప్రవహించే ఏకముఖ విద్యుత్తు. ఆ మార్పును సాధించటమే అడాప్టరు పని. ప్రతి పరికరానికీ కావలసిన వోల్టేజి వేరు కనుక, ప్రతి అడాప్టరూ వేరు. ఏది ఎంత ఇస్తుందో దాని మీద అతికించిన చీటీలో వ్రాసి ఉంటుంది. పరికరానికి ఎంత కావాలో పరికరం అడుగున, లేదా పిన్ను పెట్టే రంధ్రం పక్కన వ్రాసి ఉంటుంది. ఆ రెండు రాతలనూ పక్కపక్కన పెట్టి చదవగలిగితే ఎంపిక సగం ముగిసినట్లే.

అడాప్టరు చీటీలో ‘ఇన్‌పుట్’ అని ఒక పంక్తి, ‘అవుట్‌పుట్’ అని ఒక పంక్తి ఉంటాయి. ఇన్‌పుట్ ఎదుట 100 నుంచి 240 వోల్టులు, 50/60 హెర్ట్జ్, 0.3 ఆంపియర్లు అన్నట్లుగా ఉంటుంది. ఇది గోడ నుంచి అడాప్టరు తీసుకొనే విద్యుత్తు. తొందరలో చాలామంది ఈ పంక్తిలోని 0.3ను చూసి, తమకు కావలసిన అంకె ఇదేనని భ్రమపడతారు. చూడవలసినది అవుట్‌పుట్ పంక్తిని. అక్కడ వోల్టుల అంకె పక్కన ఒక అడ్డుగీత, దాని కింద విరిగిన గీత ఉంటే అది ఏకముఖ విద్యుత్తుకు గుర్తు. అల వంటి వంపు గీత ఉంటే ఏకాంతర విద్యుత్తు. కొన్ని పాత అడాప్టర్లు వోల్టేజిని తగ్గించి, ఏకాంతర విద్యుత్తునే బయటకు పంపుతాయి. అటువంటి దానిని ఏకముఖ విద్యుత్తు కోరే పరికరానికి తగిలించరాదు.

వోల్టేజి, విద్యుత్ప్రవాహం అనే రెండు భావాల మధ్య తేడా తెలియకపోవటమే ఈ విషయంలో జరిగే పొరపాట్లకు మూలం. ఏలూరు ప్రాంతపు విద్యార్థికి దీనిని వివరించటానికి దూరం వెళ్ళనక్కరలేదు. కృష్ణా కాలువ, గోదావరి కాలువ కలిసే ఊరు ఏలూరు. కాలువ గట్టున తూము పెట్టి చేనుకు నీరు పారించుకోవటం ఇక్కడి పిల్లలు పుట్టినప్పటి నుంచి చూస్తున్న దృశ్యం. చేనులోకి ఎంత నీరు వస్తుందన్నది రెండు సంగతుల మీద ఆధారపడుతుంది. ఒకటి కాలువలో నీటి మట్టం, రెండవది తూము వెడల్పు. కాలువ ఎంత పెద్దదైనా, మట్టం మారనంతవరకు, తూము తనకు పట్టినంత నీటినే లోనికి వదులుతుంది. ఏలూరు కాలువ నుంచి పారినా, ఒక చిన్న పిల్లకాలువ నుంచి పారినా, మట్టం ఒక్కటే అయితే చేనుకు చేరే నీరు ఒక్కటే. కాని మట్టం పెరిగితే అదే తూములోంచి నీరు ఉరవడిగా దూకుతుంది. బోదెలు తెగుతాయి, నారు కొట్టుకొనిపోతుంది.

వోల్టేజి అన్నది నీటి మట్టం. అడాప్టరు మీది ఆంపియర్ల అంకె ఆ కాలువ ఇవ్వగలిగిన నీటి పరిమాణం. పరికరం అడుగున వ్రాసి ఉన్న ఆంపియర్లు ఆ తూము తీసుకొనే నీరు. కనుక వోల్టులు రెండు చీటీలలోనూ సమానంగా ఉండాలి. ఆంపియర్లు అడాప్టరు మీద పరికరానికి కావలసినంతైనా, అంతకు మించైనా ఉండవచ్చు, తగ్గరాదు. జర్మన్ శాస్త్రజ్ఞుడు ఓమ్ 1827లో ప్రకటించిన సూత్రం కూడ ఇదే సంబంధాన్ని గణితభాషలో చెబుతున్నది. నిరోధం మారనప్పుడు వోల్టేజి ఎంత పెరిగితే ప్రవాహం అంత పెరుగుతుంది. పరికరంలోని వలయాలు తూము అంత సరళమైనవి కావు, అయినా ఎంపికకు ఈ పోలిక చాలు.

“రెండు ఆంపియర్ల అడాప్టరు పెడితే ఆ కరెంటంతా లోపలికి దూసుకుపోయి పరికరం కాలిపోదా?” అన్న సందేహం ఎక్కువమందికి కలిగేదే. ఇది నిరాధారమైన భయం. అడాప్టరు కరెంటును తోయదు, పరికరం లాక్కొంటుంది. 0.6 ఆంపియర్లు కోరే రౌటరుకు రెండు ఆంపియర్ల అడాప్టరు తగిలిస్తే, అది 0.6 మాత్రమే తీసుకొంటుంది. అడాప్టరు తన శక్తిలో కొంత భాగమే వెచ్చిస్తూ చల్లగా, నింపాదిగా పనిచేస్తుంది. అసలు ప్రమాదం దీనికి విరుద్ధమైన చోట ఉన్నది. 0.6 ఆంపియర్లు కోరే రౌటరుకు 0.3 ఆంపియర్ల అడాప్టరు పెడితే, అది తన శక్తికి మించిన బరువు మోస్తుంది. వేడెక్కుతుంది. రక్షణ ఏర్పాటు ఉన్నదైతే తానే ఆగి, మళ్ళీ మొదలై, మళ్ళీ ఆగుతుంది. రౌటరు మాటిమాటికి ఆగి మొదలవుతుంటే ఇంటర్నెట్ సంస్థను నిందించేవారు అడాప్టరు చీటీని ఒకసారి చూడటం మంచిది. రక్షణ లేని చౌకరకం అడాప్టరు అయితే లోపలి భాగాలు కమిలి, ప్లాస్టిక్ కరిగేదాకా వస్తుంది.

ఇప్పుడు వట్లూరు ఇంటి సొరుగు దగ్గరకు తిరిగి వద్దాం. రౌటరు అడుగున 9 వోల్టులు, 0.6 ఆంపియర్లు అని ఉన్నది. సెట్‌టాప్ బాక్సు అడాప్టరు మీద 12 వోల్టులు, 1.5 ఆంపియర్లు అని ఉన్నది. మట్టం కలవలేదు కనుక అది పనికిరాదు. అయితే దానిని పెట్టిన మరుక్షణం రౌటరు కాలిపోతుందనీ చెప్పలేం. లోపలి వలయం 12 వోల్టులను కొంతకాలం భరించవచ్చు, దీపాలు వెలగవచ్చు, ఇంటర్నెట్ కూడ రావచ్చు. ఆ పనిచేయటంలోనే మోసం ఉన్నది. తొమ్మిది వోల్టులకు తగినట్లు అమర్చిన భాగాలు పన్నెండు వోల్టుల కింద పనిచేస్తుంటే ఏ గంటకు, ఏ వారానికి విఫలమవుతాయో ఎవరూ చెప్పలేరు. దీనికి విరుద్ధంగా వోల్టులు బాగా తగ్గితే పరికరం సాధారణంగా కాలదు, కాని పనిచేయదు, లేదా దీపాలు మిణుకుమంటూ తడబడుతుంది. 19 వోల్టులకు బదులు 19.5 వోల్టుల వంటి స్వల్పభేదాన్ని మాత్రం పరికరాలు సామాన్యంగా సహిస్తాయి.

కీబోర్డు అడాప్టరు మీద 9 వోల్టులు, 0.85 ఆంపియర్లు అని ఉన్నది. వోల్టులు సరిపోయాయి, ఆంపియర్లు చాలినన్ని ఉన్నాయి. ఇది పనికివస్తుందని నిశ్చయించుకొనే ముందు చీటీ మీద ఉన్న ఒక చిన్న బొమ్మను చూడాలి. నడుమ ఒక చుక్క, దాని చుట్టూ తెరిచి ఉన్న వలయం, చుక్క నుంచి ఒక వైపుకు, వలయం నుంచి మరొక వైపుకు గీతలు, ఆ గీతల చివర ధన, ఋణ చిహ్నాలు ఉంటాయి. చుక్క అంటే పిన్ను లోపలి భాగం, వలయం అంటే వెలుపలి లోహపు తొడుగు. చుక్క ధనచిహ్నంతో కలిస్తే లోపల ధనం, వెలుపల ఋణం. రౌటర్లు, కెమెరాలు, సెట్‌టాప్ బాక్సులలో సాధారణంగా ఇదే పద్ధతి. కొన్ని సంగీత వాద్యాలలో మాత్రం ఇది తలక్రిందులుగా ఉంటుంది, లోపల ఋణం, వెలుపల ధనం. ఈ కీబోర్డు అడాప్టరు ఆ జాతిది. అంకెలు రెండూ కలిసినా ధ్రువాలు కలవలేదు. ఎదురు దిశలో విద్యుత్తు వచ్చినప్పుడు అడ్డుకొనే ఏర్పాటు రౌటరులో ఉంటే బ్రతుకుతుంది, లేకపోతే క్షణంలో పాడవుతుంది. పాత మోడెము అడాప్టరు మీద 9 వోల్టులు, 1 ఆంపియరు, చుక్కకు ధనచిహ్నం. తగినది ఇది. పదినిమిషాల పరిశీలనతో రౌటరు వెలిగింది, ఆప్షన్ల పని ఆ సాయంత్రమే పూర్తయింది.

వాక్యార్థాన్ని గురించి మన తార్కికులు చేసిన చర్చ ఈ సందర్భంలో జ్ఞాపకానికి వస్తుంది. తెలుగువాడైన అన్నంభట్టు తర్కసంగ్రహంలో, పదాలు కలిసి అర్థాన్ని ఇవ్వటానికి ఆకాంక్ష, యోగ్యత, సన్నిధి అనే మూడూ ఉండాలని చెప్పాడు. ఒక పదం మరొక పదాన్ని కోరటం ఆకాంక్ష. కలిసిన పదాల అర్థాలు పరస్పరం పొసగటం యోగ్యత. పదాలు ఒకదాని వెంట ఒకటి వెలువడటం సన్నిధి. నిప్పుతో తడపమని ఎవరైనా అంటే వ్యాకరణం చెడలేదు, పదాలు పక్కపక్కనే ఉన్నాయి, అయినా అర్థం కుదరదు. అక్కడ లేనిది యోగ్యత. పిన్ను రంధ్రంలో పట్టటం సన్నిధి మాత్రమే. పరికరం కోరే ఆంపియర్లు ఆకాంక్ష. వోల్టులు, ధ్రువాలు కలవటం యోగ్యత. తర్కం చదివినవారికి ఈ పోలిక అతిగా తోచవచ్చు గాని, సన్నిధిని చూసి యోగ్యత ఉన్నదనుకొనే భ్రాంతికి ఇంతకన్న మంచి ఉదాహరణ దొరకటం కష్టం.

సన్నిధి విషయంలోనూ కొంత సూక్ష్మం ఉన్నది. గుండ్రని పిన్నులలో ఎక్కువగా కనిపించేది వెలుపల 5.5 మిల్లీమీటర్ల వ్యాసం గలది. ఆ వెలుపలి కొలత ఒక్కటే అయినా లోపలి రంధ్రం 2.1 మిల్లీమీటర్లు గలవి కొన్ని, 2.5 గలవి కొన్ని. 2.1 పిన్ను 2.5 సూది గల పరికరంలో ఎక్కదు. 2.5 పిన్ను 2.1 సూది మీద ఎక్కుతుంది కాని వదులుగా ఉంటుంది. తీగ కదిలినప్పుడల్లా పరికరం ఆగుతుంటే, అంటుకొన్నచోట చిన్న మెరుపులు కనిపిస్తుంటే, ఈ 0.4 మిల్లీమీటరు తేడాయే కారణం కావచ్చు.

వాట్ల లెక్క కూడ కొందరిని తప్పుదారి పట్టిస్తుంది. వోల్టులను ఆంపియర్లతో గుణిస్తే వాట్లు వస్తాయి. పై రౌటరుకు కావలసినది 9 × 0.6, అనగా 5.4 వాట్లు. దుకాణంలో “పన్నెండు వాట్ల అడాప్టరు కావాలి” అని అడిగితే 5 వోల్టులు, 2.4 ఆంపియర్లు గలది ఇవ్వవచ్చు. 12 వోల్టులు, 1 ఆంపియరు గలదీ ఇవ్వవచ్చు. రెండూ పన్నెండు వాట్లే. ఒకదాని స్థానంలో మరొకటి పనికిరాదు. వాట్లు అడాప్టరు సత్తువను చెబుతాయి, స్వభావాన్ని చెప్పవు. అలాగే ‘ఎంఏ’ అనేది మిల్లీ ఆంపియరుకు గుర్తు. 600 మిల్లీ ఆంపియర్లు, 0.6 ఆంపియర్లు ఒక్కటే. బ్యాటరీల మీద కనిపించే మిల్లీ ఆంపియర్ అవర్ వేరొక కొలత, దానికి అడాప్టరు ఎంపికతో నిమిత్తం లేదు.

పాత రేడియోలు, టేప్ రికార్డర్లతో వచ్చిన అడాప్టర్లు చేతిలోకి తీసుకోగానే బరువుగా తోస్తాయి. వాటిలో ఇనుప పలకల మీద రాగితీగ చుట్టిన పరివర్తకం ఉంటుంది. ఇటీవలి తేలికపాటి అడాప్టర్లు భారం ఎంత ఉన్నా చీటీలో వ్రాసిన వోల్టేజినే నిలకడగా ఇస్తాయి. ఆ బరువైన వాటిలో ఎక్కువ భాగానికి ఆ నిలకడ లేదు. చీటీ మీద ఉన్న 9 వోల్టులు, అది పూర్తి భారం మోస్తున్నప్పటి సంగతి. భారం తక్కువైనప్పుడు 12, 13 వోల్టులు కూడ ఇవ్వవచ్చు. ఆనాటి రేడియో దానిని లెక్కచేసేది కాదు. ఈనాటి సున్నితమైన పరికరానికి అటువంటి దానిని, అంకె కలిసినా, వాడకపోవటమే మేలు. ఇంటిలో ఒక డిజిటల్ మల్టీమీటరు ఉంటే ఇటువంటి సందేహాలు వెంటనే తీరుతాయి. మల్టీమీటరును 20 వోల్టుల ఏకముఖ స్థానంలో పెట్టి, ఎర్రతీగను పిన్ను లోపల, నల్లతీగను వెలుపలి తొడుగుకు తాకించి, రెండు తీగల మొనలు ఒకదానినొకటి తాకకుండా చూడాలి. కనిపించే అంకె వోల్టేజి. అంకె ముందు ఋణచిహ్నం ఉంటే ధ్రువాలు తలక్రిందులుగా ఉన్నాయని అర్థం. ఏకముఖ విద్యుత్తు ఇవ్వవలసిన అడాప్టరులో అంకె సున్నా అయితే అడాప్టరు చెడినట్లే. క్రొత్తది కొనటానికి ముందు ఈ పరీక్ష చేయకపోతే, అడాప్టరు మార్చిన తరువాత గాని రౌటరే చెడినదని తెలియదు.

కొల్లేటి పరిసరాలలో, కైకలూరు, మండవల్లి, భీమడోలు ప్రాంతాల చేపల చెరువుల వద్ద గట్ల మీద కాపలా కెమెరాలు పెట్టుకొనే రైతులకు మరొక చిక్కు ఎదురవుతుంది. ఇటువంటి కెమెరాలలో చాలావాటికి కావలసినది 12 వోల్టులు. అడాప్టరును షెడ్డులో ఉంచి, అక్కడి నుంచి సన్నని తీగను గట్టు మీదుగా లాగితే, ఆ తీగ నిరోధమే కొంత వోల్టేజిని మింగివేస్తుంది. అర చదరపు మిల్లీమీటరు మందం గల రాగితీగను 50 మీటర్ల దూరం లాగితే, వెళ్ళే తీగ, వచ్చే తీగ కలిసి 100 మీటర్లు. దాని నిరోధం సుమారు మూడున్నర ఓములు. కెమెరా అర ఆంపియరు తీసుకొంటే తీగలోనే ఒకటిముప్పాతిక వోల్టు తగ్గిపోయి, కెమెరాకు చేరేది పదింబావు వోల్టులే. పగలు పనిచేసిన కెమెరా, చీకటిలో చూపునిచ్చే దీపాలు వెలగగానే మరింత కరెంటు లాగి, ఆగిపోతుంది. దొంగ వచ్చేది ఆ వేళకే. తోటి రైతు సలహా విని 15 వోల్టుల అడాప్టరు పెట్టటం దీనికి పరిష్కారం కాదు. కరెంటు తక్కువగా లాగే పగటివేళ తీగలో తగ్గుదల అంతగా ఉండదు గనుక, పదిహేనింటిలో ఎక్కువ భాగం కెమెరాకే చేరుతుంది. మందమైన తీగ వాడాలి, లేదా వాన, తేమ చొరని పెట్టెలో అడాప్టరును కెమెరా దగ్గరే అమర్చాలి. రెండవ పద్ధతిలో 230 వోల్టుల తీగ చెరువు గట్టు మీద నడుస్తుంది కనుక, అది తెలిసిన ఎలక్ట్రీషియన్ చేయవలసిన పని. ఇంటిలోపల మాత్రమే వాడదగిన అడాప్టరు మీద ఇల్లు బొమ్మ ఉంటుంది. గట్టు మీద దాని అవసరమేమిటో ఆ బొమ్మే చెబుతున్నది.

ఫోనులు, ట్యాబ్‌ల సంగతి వేరు. 2022 డిసెంబరులో రాష్ట్రప్రభుత్వం తన పాఠశాలల ఎనిమిదవ తరగతి విద్యార్థులకు ట్యాబ్‌లను పంపిణీ చేసింది. ఆ పిల్లలే అనంతరం జూనియర్ కళాశాలలలో చేరారు. ఇటువంటి పరికరాల అడాప్టరు పోతే ఏది కొనాలన్న ప్రశ్నకు యూఎస్‌బీ టైప్-సి పద్ధతి సులువైన సమాధానం చెప్పింది. 2014లో వెలువడిన ఈ పద్ధతిలో అడాప్టరు మొదట 5 వోల్టులనే ఇస్తుంది. ఆ తరువాత పవర్ డెలివరీ అనే ఒప్పందం ప్రకారం, తాను 5, 9, 15, 20 వోల్టులలో ఏవి ఇవ్వగలదో పరికరానికి తెలియజేస్తుంది. పరికరం తనకు కావలసినదానిని కోరుతుంది. కోరనిదే పెంచదు. కనుక లాప్‌టాప్‌కు ఉద్దేశించిన 65 వాట్ల టైప్-సి అడాప్టరును ఫోనుకు తగిలించినా హాని లేదు. కాలువకూ చేనుకూ నడుమ లాకు మనిషి నిలబడి, చేను అడిగిన మట్టానికే నీరు వదిలినట్లు ఉంటుంది ఈ ఏర్పాటు. 2021లో ఈ ఒప్పందాన్ని 48 వోల్టులు, 240 వాట్ల దాకా పెంచారు. మన దేశంలో భారతీయ ప్రమాణాల సంస్థ 2023లో టైప్-సికి ప్రమాణాన్ని ప్రకటించింది. ఐరోపా సమాఖ్యలో 2024 డిసెంబరు 28 నుంచి ఫోనులు, ట్యాబ్‌లకు ఈ రంధ్రమే తప్పనిసరి అయింది. లాప్‌టాప్‌లకు 2026 ఏప్రిల్ 28ని గడువుగా ఆ శాసనం నిర్ణయించింది.

అయినా టైప్-సి పేరు చూసి అన్నీ ఒకటేననుకోరాదు. మామూలు కేబుల్ 3 ఆంపియర్ల వరకే మోస్తుంది. 5 ఆంపియర్లకు లోపల గుర్తింపు చిప్ ఉన్న కేబుల్ కావాలి. చౌకరకం టార్చిలైట్లు కొన్నింటిలో తయారీదారు ఒక చిన్న నిరోధకాన్ని మిగుల్చుకోవటం వలన, రెండు చివరలా టైప్-సి ఉన్న కేబుల్‌తో అవి చార్జ్ కావు. ఒక చివర పాత పలక రకం ఉన్న కేబుల్‌తో మాత్రం అవుతాయి. కొన్ని సంస్థల ఫోనులు తమ సొంత అడాప్టరుతోనే వేగంగా చార్జ్ అవుతాయి, ఇతరమైన వాటితో నెమ్మదిగా అవుతాయి. నెమ్మదించటం లోపం కాదు, జాగ్రత్త. గుండ్రని పిన్ను గల లాప్‌టాప్‌లలో కొన్ని, పిన్ను నడుమ ఉండే సన్నని సూది ద్వారా అడాప్టరును గుర్తుపడతాయి. గుర్తుపట్టకపోతే లాప్‌టాప్ నడుస్తుంది గాని బ్యాటరీ నిండదు. అటువంటి చోట అంకెలతో పాటు నమూనా సంఖ్య కూడ కలవాలి.

చీటీ మీది అంకెలు నిజమైనవేనా అన్నది మిగిలిన ప్రశ్న. తాళపత్ర ప్రతిని పరిష్కరించే పండితుడు వ్రాతను చదవటంతో తృప్తిపడడు, వ్రాయసకాడు ఎంతటి నమ్మకస్థుడో కూడ విచారిస్తాడు. మన దేశంలో 2012లో వెలువడిన తప్పనిసరి నమోదు ఉత్తర్వు పరిధిలోకి అడాప్టర్లు కూడ వచ్చాయి. నమోదైన అడాప్టరు మీద భారతీయ ప్రమాణాల సంస్థ గుర్తుతో పాటు ‘ఆర్’ అక్షరంతో మొదలయ్యే సంఖ్య ఉంటుంది. ఆ సంఖ్యను బీఐఎస్ కేర్ అనే యాప్‌లో నమోదు చేస్తే అది ఏ సంస్థకు, ఏ వస్తువుకు ఇచ్చినదో కనిపిస్తుంది. సంఖ్య లేకపోయినా, సంఖ్య మరొక వస్తువుదైనా, ఆ అడాప్టరును వదిలిపెట్టాలి. ఇది కేవలం పరికరం మన్నికకు సంబంధించిన విషయం కాదు. అడాప్టరులో గోడ విద్యుత్తు నడిచే భాగం ఒకటి, పరికరానికి వెళ్ళే అల్పవోల్టేజి భాగం ఒకటి ఉంటాయి. ఈ రెండింటి నడుమ తగినంత ఎడం, గట్టి బంధకం ఉండాలి. ఖర్చు తగ్గించటానికి ఆ ఎడాన్ని తగ్గించిన నాసిరకం అడాప్టరులో అవి కలిసిపోతే, పిల్లవాడు చేతితో పట్టుకొన్న ఫోనులోకి 230 వోల్టులు వస్తాయి. ఆ ఎడం పైకి కనిపించేది కాదు. ఇరవై రూపాయలు తగ్గించి ఇచ్చే దుకాణదారుకూ తెలియదు.

చెడిన అడాప్టరును ఇంటిలో విప్పి బాగుచేయబోవటం కూడ తగదు. 230 వోల్టుల ఏకాంతర విద్యుత్తును ఏకముఖంగా మార్చినప్పుడు లోపలి కెపాసిటరులో సుమారు 325 వోల్టులు నిలుస్తాయి. గోడ నుంచి తీసిన తరువాత కూడ అది కొంతసేపు అక్కడే ఉండవచ్చు. పనికిరాని అడాప్టరును ఎలక్ట్రానిక్ వ్యర్థాలు సేకరించేవారికి అప్పగించాలి. 2023 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి వచ్చిన నియమాలు ఇటువంటి వ్యర్థాల రీసైక్లింగ్ బాధ్యతను ఉత్పత్తిదారుల మీద ఉంచాయి.

ప్రశ్నలు

1. అడాప్టరు మీది ఆంపియర్లు పరికరానికి కావలసిన వాటికన్న ఎక్కువగా ఉన్నా హాని ఎందుకు లేదు? కాలువ, తూము పోలిక ద్వారా వివరించండి.
2. కీబోర్డు అడాప్టరు మీది అంకెలు సరిపోయినా, అది రౌటరుకు ఎందుకు పనికిరాలేదు?
3. ఒక కెమెరాకు 12 వోల్టులు, 1 ఆంపియరు కావాలి. (అ) 12 వోల్టులు, 0.5 ఆంపియరు (ఆ) 9 వోల్టులు, 2 ఆంపియర్లు (ఇ) 12 వోల్టులు, 2 ఆంపియర్లు – వీటిలో తగినది ఏది? మిగిలిన వాటిని ఎందుకు వదిలివేయాలి?
4. మీ ఇంటిలోని ఏదైనా ఒక అడాప్టరు చీటీని చూసి, అందులోని ప్రతి వివరాన్నీ తెలుగులో వ్రాయండి.
5. ఆకాంక్ష, యోగ్యత, సన్నిధి – ఈ మూడింటికీ ఒక్కొక్క వాక్యాన్ని సొంతంగా ఉదాహరణగా ఇవ్వండి.